జర్మనీ ముసలమ్మ చావకూడదు

నా పేరు చిట్టూరి మాణిక్యమ్మ. ఎనభై ఒకటి నిండాయి. అమెరికాలో నోవై అనే ఊళ్ళో కొడుకు, కోడలు, మనవరాలు ఇషాతో ఉంటున్నాను. చదువు రాదు కనుక నోటితో చెప్పి రాయిస్తున్నాను. ఫిర్యాదు ఇషా మీదే.

ఆ పిల్ల నవల రాస్తోంది. నూరేళ్ళ కిందట జర్మనీలో నవలలు రాసిన ఒకాయన జీవితమట. ఏ రోజు రాసింది ఆ రోజు నాకు తెలుగులో చెబుతుంది. అందులో ఆయన తల్లి కాఫీని సాసర్లో పోసుకుని ఊదుకుంటుంది. "రాసింది చాల్లే, రెండు ముద్దలు తిని ఏడు" అని కొడుకుని కసురుతుంది. జర్మనీలో ముద్దలెక్కడివి? ఆవిడ నేనే!

నిన్న నన్ను చంపేసింది.

"ఆవిడ నిజంగానే చనిపోయింది నానమ్మా. ఇట్స్ హిస్టరీ!"

"ముద్దలు హిస్టరీలో ఉన్నాయిటే? అవి పెట్టినదానివి, కాస్త ఊపిరి పొయ్యలేవూ?"

కాబట్టి ఆవిడ బతకాలి. ఆ జర్మనీ కొడుకు నవల పూర్తయ్యేదాకా కసురుతూనే ఉండాలి.

నిశాని: మాణిక్యమ్మ ఎడమ బొటనవేలు.

సాక్షులు: కొడుకు తేజేశ్వర్, కోడలు నళిని.

రాసినది: ముద్దాయి ఇషా. నవల్లో ఆవిడ చావు కొట్టేశాను. ఆఖరి అధ్యాయంగా ఈ కాగితమే పెడుతున్నాను, వేలిముద్రతో సహా.