మోత రంపం

అది వాళ్ళెక్కిన మూడో షాపు. మొదటి రెండింట్లోనూ మొగుడికీ పెళ్ళానికీ మాట కుదరలేదు.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పొద్దున్నుంచీ తిరిగిన అలసట ఇద్దరి ముఖాల్లోనూ ఉంది. లోపలికి రాగానే ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి కణతలు నొక్కుకుంది.

"ఇంట్లో కట్టెలు కోసుకోవడానికి రంపం మిషను కావాలి. చప్పుడు తక్కువుండాలి," అన్నాడు ఆయన.

చలి మొదలవుతోంది. పెరటి చివర దుంగలు దించుకుని ఉన్నారు. ఏటా ఆయనే గొడ్డలితో నరికేవాడు. ఈసారి గొడ్డలి ముట్టుకోవద్దని ఆవిడ పట్టుబట్టింది. కొట్టిన కట్టెలే కొనుక్కుందామంది. నా ఇంటి పొయ్యిలోకి నేను కట్టెలు కొట్టుకోలేనా అని ఆయన మొండికేశాడు. మనిషిని పెట్టుకుందామంటే దానికీ ససేమిరా అన్నాడు. చాలారోజులు ఇంట్లో ఆ గొడవే నడిచింది. చివరికి ఎటూ కాకుండా మిషను దగ్గర రాజీ పడ్డారు. ఏ మిషను అన్న దగ్గర మళ్ళీ చుక్కెదురైంది.

షాపతను ఓపికగలవాడు. ముందు కరెంటుది చూపించాడు. వైరు పెరటి చివరిదాకా రాదని ఆయనే పక్కన పెట్టేశాడు. తర్వాత బ్యాటరీది తీశాడు. తాడు లాగే పని లేదు, పొగ లేదు. మీట నొక్కితే నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అంతసేపటికి ముఖంలో కాస్త కళ వచ్చింది.

"ఇది చాలు. కోస్తున్నట్టు పక్కగదిలోకి కూడా తెలియదు."

"అందుకే వద్దు," అంది ఆవిడ కుర్చీలోంచి.

ఆయన షాపతని వైపు వంగి గొంతు తగ్గించాడు. ఆవిడది తలనొప్పి మనుషుల బాపతు. వంటింట్లో మూత కిందపడినా చెవులు మూసుకుంటుంది. కుట్టు మిషను కిర్రుమంటుందేమోనని అవసరం ఉన్నా లేకపోయినా నూనె పోస్తూనే ఉంటుంది. పాపం కదా అని తను చప్పుడు లేనిది వెతుకుతుంటే, ఆవిడ మొదటి షాపు నుంచీ ఇదే వరస. తను ఔనన్నదాన్ని కాదనకపోతే ఆవిడకు కాపురం చేసినట్టే ఉండదని చెప్పుకున్నాడు. షాపతను ఎవరి పక్షమో తేలకుండా నవ్వాడు.

ఆవిడ లేచి వచ్చింది. పెట్రోలువి చూపించమంది. ఆయన ఒకదాని తాడు లాగబోతే చెయ్యి అడ్డం పెట్టి, షాపతన్నే లాగి చూపించమంది. తాడు తేలిగ్గా రావాలంది. ఇంకో సంగతి కూడా అడిగింది.

"కోస్తుండగా చెయ్యి జారిందనుకోండి, ఏమవుతుంది?"

"కోసే గొలుసు ఆగిపోతుందమ్మా, భయం లేదు. ఇంజను మాత్రం గుడగుడమంటూ ఉంటుంది."

"మోత తగ్గినట్టు స్పష్టంగా తెలుస్తుందా?"

తెలుస్తుందన్నాడు. ఇంత జాగ్రత్తగా అడిగి కొనేవాళ్ళు తక్కువని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పు ఆవిడ చెవికెక్కలేదు. మిషన్లను షాపు వెనక ఖాళీ జాగాలోకి పట్టుకెళ్ళి ఒక్కొక్కటీ నడపమంది. తను మాత్రం ముందు గుమ్మం దాటి రోడ్డు పక్కన నిలబడింది. లారీలు పోతున్నాయి. శాలువా తల చుట్టూ బిగించుకుని కళ్ళు మూసుకుంది. ఆయన మధ్యలో నిలబడి, ఆవిడ తలాడించిన తీరు చూసి లోపలికి కేకేసి చెబుతున్నాడు. బస్సు వదిలేశాక ఇప్పుడు కండక్టరు పని పట్టుకుందని గొణుక్కున్నాడు.

మొదటిదానికి ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండోదానికీ అంతే. ఆ తర్వాతది పాత మోడలు, ఎవరూ కొనక మూలన పడి ఉన్నది. తాడు సులువుగానే వచ్చింది. ఇంజను అందుకోగానే ఎదురు కొట్లోవాళ్ళు బయటికొచ్చి చూశారు. ఆవిడ నొప్పికి కళ్ళు చిట్లించింది.

"ఇదే," అంది.

వాదించే ఓపిక లేక ఆయన బిల్లు రాయించాడు.

ఆదివారం కూతురు వచ్చింది. ఊరికి అవతలి వైపు ఉంటుంది, తీరికైనప్పుడల్లా వచ్చి పోతుంది. అప్పటికే పెరట్లో మిషను చెవులు గింగురెత్తిస్తోంది. అలమరలో గిన్నెలు అదురుతున్నాయి. తల్లి తలకు గుడ్డ బిగించి కట్టుకుని, తెరిచిన వంటింటి కిటికీ పక్కనే కూర్చుని చొక్కాకు గుండీలు కుడుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎంతకీ దారం సూదిలోకి ఎక్కడం లేదు.

మాత్ర వేసుకుని లోపలి గదిలో పడుకోమంది కూతురు. తల్లి కదల్లేదు. నాన్న చెప్పింది కొనుంటే ఈ బాధ ఉండేది కాదుగా, ఈ వయసులో పంతాలేమిటని విసుక్కుంది. తల్లి దారం కొస తడిచేసి మళ్ళీ సూదిలోకి గుచ్చబోయింది.

కూతురు లేచి కిటికీ మూయబోయింది. తల్లి గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"నీకు చెప్పొద్దన్నారు గానీ, ఆ మోత ఆగితేనేగా నాకు తెలిసేది, మీ నాన్న పెరట్లో మళ్ళీ పడిపోయారని."