పరగడుపు మాత్ర

"మెడ పైకెత్తి గుటక మింగమ్మా," అన్నది డాక్టరమ్మ.

కౌసల్య మింగింది. మెడ ముందున్న చిన్న ఉబ్బు పైకి లేచి కిందికి దిగింది.

"ఎన్నాళ్ల సంది ఉన్నదిది?"

కౌసల్య వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేలోపే, ఆమెను వెంట తీసుకొచ్చిన నర్సు ప్రమీల అందుకుంది.

"రెండేండ్లాయె మేడం. ఎండకాలంల గూడ చలంటది. ఎంత పండుకున్నా నిద్ర తీరదు. ఒళ్లొచ్చింది, ఎంటికలు ఊడుతున్నయి. అత్తగారింట్ల బద్ధకమని పేరువెట్టి తల్లిగారింటికి తోలిన్రు."

"బద్ధకం కాదు. మెడల థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటది. దాంట్ల ఊరే హార్మోను తక్కువైతే ఒళ్లంతా మందగిస్తది. రక్తం హైదరాబాద్ పంపి చూద్దాం."

కౌసల్య కొంగుతో కళ్లొత్తుకుంది. తప్పు నీది కాదని ఆమెతో అన్నవాళ్లు ఇద్దరే. ఒకరు ఈ డాక్టరమ్మ. ఇంకొకరు, మూడు వారాల కిందట బెజ్జంకిలో తల్లిగారింటి తలుపు తట్టి, "సిద్దిపేట దవాఖానల నర్సును, నీ తప్పేం లేదక్కా, నీ మెడ ఒక్కసారి జూస్త," అన్న ఈ ప్రమీల.

రిపోర్టులో డాక్టరమ్మ అన్నదే తేలింది. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోమన్నది. పదిహేను రోజులకోసారి ప్రమీల బస్సెక్కి వచ్చి చూసిపోయేది. మూడో నెలకు కౌసల్య కోడికూతకే లేచి వాకిలి ఊడ్చింది. ఆరో నెలకు ముఖం తేటబడింది. మూలనపడ్డ కుట్టుమిషను మళ్లీ తిరిగింది.

ఆ మాట చెవినపడి ఆమె భర్త లక్ష్మీరాజం వచ్చాడు.

"తప్పయింది. ఇంటికి పోదాం పా," అన్నాడు తల వంచుకుని.

"ముందుగాల డాక్టరమ్మ దగ్గరికి నడువు. నాకేమైందో నీ చెవుల ఇను. వస్తనో రానో గప్పుడు చెప్త."

అతను వెళ్లాడు, అంతా విన్నాడు. బయటికొచ్చి ప్రమీలను చూడగానే ముఖం తిప్పుకుని బెంచీ మీద కూలబడ్డాడు. సిగ్గుపడ్డాడులే అనుకుంది కౌసల్య. ప్రమీల చెయ్యి పట్టుకుని వరండా చివరికి నడిపించింది.

"చుట్టానివి గాదు, పక్కానివి గాదు. నా కోసం గింత ఎందుకు జేసినవ్ చెల్లె?"

"నీ నిద్ర, నీ చలి, నీ మెడ... అన్నీ ఒకాయన చెప్తుంటే ఇన్ననక్కా. గిది బద్ధకం కాదు, రోగమని అనుమానమొచ్చింది."

"ఎవరు జెప్పిన్రు?"

ప్రమీల బెంచీ వైపు చూసింది.

"మీ ఆయననే, నన్ను జూడ పెండ్లిచూపులకు వచ్చిననాడు."