ఉడత తెప్పించుకున్న జామపండు

అడవిలో ఎవరికి ఆకలేసినా నేరేడు చెట్టు చిటారుకొమ్మన కూర్చున్న చిలకకి ఒక కేక వేస్తే చాలు. చిలక ఈల వేస్తుంది, ఉడత పండు కోసుకుని పరిగెత్తుతుంది. పండు అందాక చిలక "నవ్వుతూ ఇచ్చిందా?" అని అడుగుతుంది. లేదని ఎవరైనా అన్నారంటే మర్నాడు ఉడతకి ఈలా ఉండదు, కూలిగింజలూ ఉండవు.

"నీకు యజమానంటూ ఎవరూ లేరు ఉడతమ్మా. ఇష్టమైతేనే పరిగెత్తు," అనేది చిలక. ఆ మాటకి పొంగిపోయి ఉడత నిద్రలో కూడా పరిగెత్తేది. కుచ్చులా ఉండే దాని తోక చీపురుపుల్లంత అయిపోయింది.

ఒకరోజు నడుం పట్టేసి తొర్రలో కూలబడింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. "చిలకక్కా, ఈ తొర్రకో జామపండు," అని కేకేసింది. అంత ఎత్తున ఉన్న చిలకకి కేకలే వినపడతాయి, మొహాలు కనపడవు. ఎప్పట్లాగే ఉడతకి ఈల వేసింది.

ఈల వినగానే ఉడత కాళ్లు వాటంతటవే లేచాయి. వెళ్లి పండు కోసి, తన తొర్రకి తనే తెచ్చి, తన చేతిలో తనే పెట్టుకుంది.

"నవ్వుతూ ఇచ్చిందా?" పైనుంచి అడిగింది చిలక.

ఉడత తనని తాను ఓసారి చూసుకుంది. "లేదక్కా. మొహం పీక్కుపోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. నిలబడలేకపోతోంది."

"అలాగా. అయితే రేపు దానికి పని లేదు."

"ఎల్లుండి కూడా వద్దులే అక్కా," అంది ఉడత, జామపండు కొరుకుతూ.