గోడమీది రైలు

"ఎండెక్కితే రంగులు తేలిపోతాయి మేడమ్‌జీ, ముందు రైలు చూసెయ్యండి" అంటూ ఘీసారాం తలపాగా సర్దుకుని ముందు నడిచాడు.

హవేలీ కొనేవాళ్లు ఇవాళ వస్తారని, పడగొట్టి దుకాణాలు కడతారని, పెద్ద సేఠ్ కలకత్తా నుంచి ఫోన్ చేసి చావు కబురు చల్లగా చెప్పాడు. కత్తిరించిన జుట్టు, నల్ల కళ్లద్దాలు, నెత్తిమీద కొంగైనా లేని కారులో వచ్చిన ఈ మనిషే ఆ కొనే ఆసామీ అయ్యుండాలి. ఎలాగైనా ఈవిడ మనసు కరిగించాలి. బుద్ధెరిగాక అతను కాపలా కాసింది ఈ ఒక్క గుమ్మమే మరి!

గోడ పొడుగునా రైలు. గీసినవాడు రైలెక్కిన పాపాన పోలేదు. ఎవరో చెబితే విని గీసేశాడు. అందుకే పెట్టె పెట్టెకీ మన ఇళ్లకున్నట్టే మెట్లూ అరుగులూ, కిటికీకో తలపాగా. పైన మోటారు కారు తోలుతున్న కృష్ణుడు, పక్కన భయంభయంగా రాధ. అబ్బ, ఏం రంగులు! తాతల కాలం నుంచి ఈ ఎడారి ఎండ కాస్తూనే ఉందా, ఆ నీలం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆవిడ కళ్లద్దాలు తీసేసి, ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా నిలబడిపోయింది.

"రైలుందని విన్నాను గానీ, ఇంత పొడుగనుకోలేదు."

"ఎవరు చెప్పారు మేడమ్‌జీ?"

"మా ఆయన. ఒకసారి తీరిగ్గా చూపిస్తానన్నారు. కుదర్లేదు."

మేడల మీంచి తొంగిచూస్తున్న ఆడబొమ్మల్ని చూసి ఆవిడ ముఖం విప్పారింది. "అరె, వీళ్లకి ముసుగుల్లేవే!"

"బొమ్మలకెవరు చెబుతారు ముసుగెయ్యమని?"

ఆవిడ పకపకా నవ్వింది. ఘీసారాంకి ప్రాణం లేచొచ్చింది.

"లోపల అద్దాల పని చూస్తే కళ్లు తిప్పుకోలేరు. రండి. తల జాగ్ర..."

అనేలోపే ఆవిడ పొట్టి గుమ్మం కింద తల వంచి దాటేసింది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ అక్కడ నుదురు బొప్పి కట్టాల్సిందే. గడుసు మనిషే అనుకున్నాడు.

కానీ లోపలి వాకిలిని ఆవిడ సరిగా చూడనైనా లేదు. గోడల నిండా అద్దాలూ బంగారు రేకులూ మెరిసిపోతుంటే, "సరే, పద ఘీసారాం, బయటికి పోదాం" అనేసింది. తన పేరు పెద్ద సేఠ్ చెప్పి ఉంటాడు. అయినా ఇదేం మనిషి? నచ్చలేదా, కొంపతీసి?

"ఇది ఆడవాళ్ల వైపు" అన్నాడు ఆశ చావక. "మా చిన్న సేఠాణీగారు, పెద్ద సేఠ్ తమ్ముడి భార్య, కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉండేవారు. గడప దాటితే ముసుగే. గుమ్మంలో ఉండే నాకే ఆవిడ గొంతెలా ఉంటుందో తెలీదు. ఏం కావాలన్నా దాసీతో కబురే."

"పాపం."

"పాపమేంటి మేడమ్‌జీ? ఇన్ని బొమ్మలున్న ఇంట్లో బతికిన మారాణి ఆవిడ!"

ఆవిడ బయటికొచ్చి మళ్లీ రైలు ముందు నిలబడి, ఇంజను మీద మెల్లగా చెయ్యి వేసింది.

"ఈ గోడని ఎవర్నీ ముట్టుకోనివ్వను."

ఘీసారాం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అంతలోనే దిగులు కమ్మింది. "మీరు ఉంచేద్దామన్నా, దుకాణాలవాళ్లు ఎక్కువిస్తామంటే పెద్ద సేఠ్ ఆగుతారా?"

"సగం వాటా చిన్న సేఠాణీది కాదూ?"

"ఆవిడా! బావగారు ఎదురుపడితే కొంగు గుండెలదాకా లాక్కుని నిలబడిపోతుంది. నోట మాట రాదు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేస్తుంది."

"పెట్టదు."

"మీకెలా తెలుసు?"

వాకిట్లో హారన్ మోగింది. పెద్ద సేఠ్ కారు దిగాడు. వెనకాలే కొలతల టేపు పట్టుకుని ఒక లావుపాటి మనిషి దిగి, గోడకేసి చూస్తూ, "పడగొట్టాల్సింది ఇదేనా సేఠ్‌జీ?" అన్నాడు.

కొనేది ఇతనైతే, మరి ఈవిడెవరు? ఘీసారాం గిర్రున వెనక్కి తిరిగాడు. ఆవిడ రైలుకి అడ్డంగా, గోడకి వీపు ఆనించి నిలబడి, భుజం మీది కొంగు నెత్తిమీదికి లాక్కుంటోంది.

ముఖం మీదికి ముసుగు దిగాకే ఘీసారాం ఆవిణ్ని గుర్తుపట్టాడు.