చప్పుడు రాకూడదు

"ముందే చెప్తున్నాను బాబూ, చప్పుడు రాకూడదు" అంది అత్తయ్య, ల్యాప్‌టాప్‌ల కొట్లో కుర్చీ అంచున కూర్చుని.

టై కట్టుకున్న సేల్స్‌మన్ ఆమె వంకా, పక్కనున్న కోడలి వంకా చూశాడు. ఎవరైనా ముందు రేటు అడుగుతారు. కాస్త తెలిసినవాళ్ళయితే ర్యామ్ అడుగుతారు. చప్పుడు గురించి అడిగినవాళ్ళు అతనికి ఇంతవరకూ తగిలినట్టు లేదు.

"పాటలు బాగా వినపడాలంటారేమో అనుకున్నానమ్మా."

"పాటల సంగతి కాదు. టైపు కొడుతుంటే పక్కగదిలోకి వినపడకూడదు."

కోడలికి నవ్వొచ్చింది. ఆ వెంటనే జాలేసింది. కొత్త కోడలే అయినా ఆ ఇంటి వరస ఆమెకు కొద్దికొద్దిగా తెలిసొస్తోంది. మామయ్య గుమ్మంలో చెప్పులు విడిస్తే చాలు, అత్తయ్య మాట సగంలో మింగేస్తుంది. అత్తయ్య సెల్‌ఫోను ఎప్పుడూ మామయ్య చొక్కా జేబులోనే ఉంటుంది. అలాంటి అత్తయ్య పొద్దున వంటింట్లో కోడలి చెవి దగ్గరికొచ్చి, ఒక ల్యాప్‌టాప్ కొనాలి తోడు రా, మగవాళ్ళకి పొక్కనివ్వకు అని చెప్పింది.

కోడలు గాల్లో తేలిపోయింది. తనకీ అత్తగారికీ మధ్య ఓ రహస్యం! ఆ ముచ్చటే వేరు. ఎలాగైనా సరైనది ఎంచిపెట్టాలి. తేడా వచ్చి మామయ్య కంటపడితే ఇంకేమైనా ఉందా?

కొట్టు కూడా అత్తయ్యే చూసిపెట్టుకుంది. మెట్ల కింద కళ్ళద్దాల షాపు, పైన ఇది. ఎవరడిగినా అద్దాలు మార్పించుకోడానికి వెళ్ళామని చెప్పొచ్చు. ఏమీ తెలియనట్టుండే అత్తయ్యకి ఎన్ని తెలివితేటలో అని కోడలు లోలోపల మురిసిపోయింది.

సేల్స్‌మన్ ఎర్రగా మెరిసేదొకటి తీశాడు. మూత మీద కంపెనీ గుర్తు వెలుగుతుందని గొప్పగా చెప్పాడు. వెలిగేది వద్దంది అత్తయ్య. నల్లగా, పలచగా, బట్టల మడతల్లో పెడితే కనపడకుండా ఉండాలంది. ఒకసారి చార్జింగు పెడితే రోజంతా రావాలంది. అతను బుర్ర గోక్కుని లోపలికెళ్ళి ఇంకో నాలుగు పెట్టెలు తెచ్చాడు.

"ఇళ్ళ ప్లాన్లు గీయొచ్చా వీటిలో?" అంది అత్తయ్య.

కోడలు పక్కున నవ్వింది. పెళ్ళికి ముందు ఆమె చేసిన పని అదే. ఇరుకు స్థలంలో మెట్లు ఎటు పెట్టాలో తేలకపోతే ఆఫీసంతా ఆమె బల్ల చుట్టూ చేరేది. కొన్నాళ్ళు మహారాణిలా ఇంట్లో కూర్చోమని మొగుడు ముద్దుగా అడిగితే కాదనలేక మానేసింది. ఆ పని మీద అత్తయ్య మనసు పడిందన్నమాట.

"నేను నేర్పుతాలెండి అత్తయ్యా. ఏడాది తిరిగేలోపు మేడలు కట్టించేస్తారు."

"కట్టిద్దాంలే. ముందు దానికేం కావాలో ఈయనకి చెప్పు."

పదహారు జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలని చెప్పింది కోడలు. సేల్స్‌మన్ పెదవి విరిచాడు. ఆ కార్డు ఉంటే లోపల ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, బరువు పెరుగుతుంది, చార్జింగు సగానికి పడిపోతుంది.

"అన్నీ ఒకదాంట్లో దొరకవమ్మా. ఏదో ఒకటి వదులుకోవాలి."

"వదులుకోడం కొత్తేం కాదు. చప్పుడు మాత్రం కుదరదు."

ఇంతలో కోడలి ఫోను మోగింది. మొగుడు. కళ్ళద్దాల దగ్గరున్నామని చెప్పింది. అవును, నువ్వక్కడే ఉన్నట్టు నా ఫోన్లో చూపిస్తోంది, ఇంకా ఎంతసేపన్నాడు. ఒకసారి అమ్మకివ్వమన్నాడు. అత్తయ్య ఫోను అందుకుని, సైటు పెరిగిందట నాన్నా అని తడుముకోకుండా చెప్పి తిరిగిచ్చేసింది.

"నేనెక్కడ తప్పిపోతానోనని బెంగండీ మీ అబ్బాయికి. ఊపిరాడనివ్వరు" అంది కోడలు, బుగ్గలు ఎర్రబడుతుండగా.

అత్తయ్య ఆమె మొహంలోకి ఓ క్షణం చూసింది.

"ఇదెంత బరువుంటుంది బాబూ?" అంది సేల్స్‌మన్ వైపు తిరిగి.

కోడలు మళ్ళీ లెక్కలో పడింది. మేడ బొమ్మని తెర మీద అన్నివైపులా తిప్పి చూపించాలంటేనే విడిగా కార్డు కావాలి. మామూలు గీతల ప్లాన్లకి అక్కర్లేదు. ర్యామ్ తగ్గకుండా, అసలు ఫ్యానే లేని రకం తీసుకుంటే సరిపోతుంది. తెర చిన్నదవుతుంది, అంతే.

"చిన్నదైతే పని ఆగదుగా? జీతమిచ్చేవాళ్ళు వంక పెట్టరుగా?"

జీతం దాకా వెళ్ళిపోయింది పాపం, అనుకుంది కోడలు. ఎవరూ వంక పెట్టరని భరోసా ఇచ్చింది.

కీబోర్డు నువ్వే కొట్టి చూడమని చెప్పి అత్తయ్య లేచి, కొట్టు మూలనున్న గాజు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తలుపుకి చెవి ఆనించి, కానియ్యమన్నట్టు చెయ్యూపింది. కోడలు పది వేళ్ళూ టకటకా ఆడించింది. కొట్లోవాళ్ళు వింతగా చూశారు. అత్తయ్య బయటికొచ్చి, ఇదే ఇచ్చెయ్యి అంది.

అత్తయ్య దాచుకున్న డబ్బు తీసి కట్టేసింది. సేల్స్‌మన్ మూత తెరిచి, కీబోర్డు మూలనున్న చిన్న చదరం చూపించాడు. "వేలిముద్ర పెట్టెయ్యండి పెద్దమ్మగారూ. ఇంక మీరు తప్ప ఎవరూ తెరవలేరు."

కోడలు సంబరంగా అత్తయ్య చేతికోసం చెయ్యి చాపింది.

అత్తయ్య ఆ చాపిన చేతినే పట్టుకుని, చూపుడువేలు చదరం మీద ఆనించి, "ఇది నీకేనమ్మా, వాడు అచ్చం వాళ్ళ నాన్నే" అంది.