నాలుగు వేళ్ళ నేల

హిందూ మహాసముద్రం అడుగున, గాజు గొడుగు కింద, నేల చీలిన చోట మా రెండిళ్ళు. చీలికకు తూర్పున మాది, పడమర మా బావగారిది. లోపలి నుంచి కరిగిన రాయి ఉబికి గడ్డకడుతుంటే, మా ఇళ్ళు ఏటా నాలుగు వేళ్ళు ఎడమవుతాయి. మధ్యలో పుట్టిన ఆ కాస్త నేల కోసం మావారూ బావగారూ, అన్నదమ్ములిద్దరూ ఏటా కొట్టుకుంటారు. సిగ్గు లేదు. ఈసారి ఏకంగా కంచె నాటబోయారు.

మా అత్త సముద్రాలమ్మ పసుపునీళ్ళ చెంబుతో వచ్చి చీలిక పక్కన చతికిలబడింది.

“ఏరా, ఇదెప్పుడు పుట్టిందిరా?”

“ఈ ఏడే కదమ్మా,” అన్నారు మావారు.

“పురుడైనా కాకుండానే పసిగుడ్డుకి వాటాలేత్తారంట్రా? ముందు పేరెట్టండి.”

నీళ్ళు చల్లింది. వెచ్చటి రాయి మీద ఆవిరి లేచింది.

“ఏం పేరెడదామమ్మా?” అన్నారు బావగారు.

“నాగులపేట.”

సముద్రం కోసుకుపోయిన మా ఊరి పేరది. ఇళ్ళు ఒక్కొక్కటే కూలుతుంటే వెనక్కి జరిగి జరిగి, చివరికి ఇక్కడికొచ్చాం.

“గంగమ్మే అట్టుకెళ్ళింది. గంగమ్మే మెల్లిగా ఇత్తంది,” అంది అత్త.

మావారు కంచె గుంజ పక్కన పడేశారు. చెప్పులు విప్పి, ఆ నేల మీద అరికాలు ఆనించారు. ఒక్క పాదమే పట్టింది.

అవతల బావగారు కూడా చెప్పులు విప్పేసి, తన వంతు కోసం నిలబడ్డారు.