వినేవాళ్ళు ఉండాలి

మార్చి తొమ్మిదో తారీకు రాత్రి రెండు రొట్టెముక్కలు, సగం అరటిపండు తిన్నట్టు రిటైరైన లెక్కల మాస్టారికి ఇప్పటికీ గుర్తే.

పురాణకథలు చెప్పడం నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరి అప్పటికి మూడు రోజులు. ఎవరికైనా కథ చెప్పి, రికార్డు చేసి, ఆ రాత్రికల్లా పంపాలి. "గోడకి చెబితే కుదరదండోయ్, వినేవాళ్ళు ఉండాలి" అని టీచరమ్మ ముందే నవ్వుతూ హెచ్చరించింది. భార్య పోయాక ఆ ఇంట్లో వినేదెవరు? ఆవిడ కుర్చీకే చెప్పి, భయపడుతూనే పంపేశారు. చెప్పినంతసేపూ ఫ్యాను చప్పుడు తప్ప మరేం వినపడలేదు.

కాసేపటికి టీచరమ్మ ఫోన్ చేసింది.

"కథ సరే మాస్టారూ, ఊ కొట్టినావిడ ఎవరండీ? మీరు తడబడ్డ చోటల్లా ఆవిడే గట్టెక్కించారు. సగం మార్కులు ఆవిడవే."

మాస్టారు రికార్డింగు పెట్టారు. కథలో ఊరు సముద్రంలో మునిగే చోట ఆయన మాట తోచక ఆగిపోయారు. ఫ్యాను తిరుగుతోంది. అంతలో కుర్చీ వైపు నుంచి, మెల్లగా:

"ఊఁ... తర్వాత?"

మాస్టారి కళ్ళు నిండాయి. నవ్వు ఆగలేదు.

"రేపు రెండో పాఠం ఉందోయ్. పెందరాళే వచ్చెయ్" అని కుర్చీకి చెప్పి, లైటు ఆర్పి పడుకున్నారు.

తలుపు వెయ్యడం ఎప్పటిలాగే మరిచిపోయారు. చీకట్లో ఎవరో చప్పుడు కాకుండా దాన్ని దగ్గరగా వేశారు.